జీ ప్రోటీన్ గ్రాహకాలు, మందుల అన్వేషణ

కణం బయటి లోకాన్ని తెలుసుకొనేది ఎక్కువగా తన పైపొరలో నాటుకొని ఉన్న ప్రోటీన్ల ద్వారానే. వాటిలో అతి పెద్ద కుటుంబం జీ ప్రోటీన్ అనుసంధాన గ్రాహకాలది. శాస్త్రవేత్తలు పొట్టిగా జీపీసీఆర్‌లు అంటారు. మానవ జీనోములో వీటి జన్యువులు సుమారు 800 ఉన్నాయి. అందులో దాదాపు సగం వాసన పసిగట్టే పనికే కేటాయించినవి. మిగిలినవి ఎడ్రినలిన్, హిస్టమిన్, డోపమిన్, సెరటోనిన్ వంటి చిన్న అణువుల్నీ, గ్లూకగాన్ వంటి పెప్టైడ్ హార్మోన్లనీ, కొన్ని కొవ్వు పదార్థాల్నీ, కాల్షియం అయాన్లనీ, ఆఖరికి వెలుతురునూ గుర్తుపట్టి ఆ కబురును కణం లోపలికి అందిస్తాయి.

వీటి పేరు వినని ఇల్లు చాలా ఉండవచ్చు గాని వీటి మీద పనిచేసే మందు లేని ఇల్లు అరుదు. రక్తపోటుకు టెల్మిసార్టాన్, గుండె దడకు మెటోప్రొలాల్, ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్, తుమ్ములకూ దురదకూ సెట్రిజిన్, వాంతులకు డోంపెరిడోన్, పెద్ద వయసులో మూత్రం సాఫీగా రావడానికి టామ్సులోసిన్, గుండెపోటు వచ్చినవారికి రాసే క్లోపిడోగ్రెల్, తీవ్రమైన నొప్పికి మార్ఫిన్, ఇవన్నీ ఈ ఒక్క కుటుంబంలోని వేర్వేరు సభ్యుల మీద పనిచేసేవే. 2017లో వెలువడిన ఒక లెక్క ప్రకారం అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన మందుల్లో 475, అంటే మొత్తంలో దాదాపు 34 శాతం, జీపీసీఆర్‌లనే లక్ష్యం చేసుకున్నాయి. ఆ మందులన్నీ కలిసి ముట్టుకున్న గ్రాహకాలు మాత్రం 108.

మందు షాపు దాకా పోనక్కరలేదు. కాఫీలోని కెఫీన్ ఎడినొసిన్ గ్రాహకాలను అడ్డుకోవడం వల్లే నిద్రమత్తు వదులుతుంది. నల్లమందు పనిచేసేది మ్యూ ఓపియాయిడ్ గ్రాహకం మీద. ఉమ్మెత్త తింటే నోరు ఎండిపోయి, కంటిపాప పెద్దదై, మతి చలించేది అందులోని అట్రోపిన్ జాతి పదార్థాలు మస్కరినిక్ గ్రాహకాలను మూసేయడం వల్ల. అదే అట్రోపిన్ పురుగుమందు తాగినవారికి ప్రాణం పోస్తుంది. ఆర్గనోఫాస్ఫేట్ విషం వల్ల శరీరంలో ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి మస్కరినిక్ గ్రాహకాలను అదుపు లేకుండా రెచ్చగొడుతుంది. అట్రోపిన్ ఆ గ్రాహకాల దగ్గర అడ్డుపడుతుంది. పత్తి, మిరప పండే జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో ఎమర్జెన్సీ డాక్టర్లకు ఇంతకన్నా పరిచితమైన జీపీసీఆర్ మందు మరొకటి ఉండదేమో.

ఈ ఉదాహరణల్లో చాలా వాటికి ఒక పోలిక ఉంది. మందు ముందు వాడుకలోకి వచ్చింది, అది పనిచేసే గ్రాహకం తరవాతెప్పుడో దొరికింది. ఈ కుటుంబం చరిత్రలో చాలా భాగం ఇంతే. గత రెండు దశాబ్దాల పరిశోధన ఈ వరసను తిరగేయాలని చూసింది. ముందు గ్రాహకం ఆకృతి కనిపెట్టాలి, దానికి సరిపోయేట్టు మందును మలచాలి. ఈ ప్రయత్నం కొన్ని చోట్ల ఫలించింది, ఇంకొన్ని చోట్ల గర్వభంగం చేసింది.

నిర్మాణం

జీపీసీఆర్‌లన్నిటికీ ఉమ్మడి గుర్తు ఒకటే: ప్రోటీన్ గొలుసు కణపొరను ఏడుసార్లు దాటుతుంది. దాటిన ప్రతిచోటా అది సర్పిలంగా చుట్టుకొని ఉంటుంది. మొదటి కొస కణం బయట, చివరి కొస లోపల. సర్పిలాలను కలుపుతూ బయట మూడు వంపులు, లోపల మూడు వంపులు. ఏడు సర్పిలాల మధ్య బయటివైపు ఏర్పడే గుంటలో హార్మోనో మందో చేరుతుంది. ఆ ప్రభావం లోపలి కొసల దగ్గర కనిపిస్తుంది.

ఈ మూసలోనే చాలా రకాలు. అతి పెద్ద తరగతికి కంటిలోని రొడాప్సిన్ పేరు పెట్టారు. ఎడ్రినలిన్, హిస్టమిన్, ఓపియాయిడ్ గ్రాహకాలన్నీ ఇందులోవే. రొడాప్సిన్ ఒక విడ్డూరం. దాని గుంటలో విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినాల్ ముందే అతుక్కొని ఉంటుంది, వెలుతురు తగలగానే అది రూపం మార్చుకొని గ్రాహకాన్ని మేల్కొలుపుతుంది. విటమిన్ ఎ చాలని పిల్లలకు రేచీకటి వచ్చేది ఈ జీపీసీఆర్‌కు కావలసిన సరుకు అందక. రెండో తరగతివి గ్లూకగాన్, జీఎల్‌పీ-1 వంటి పొడవాటి పెప్టైడ్‌లను పట్టే గ్రాహకాలు. వీటికి కణం బయట పెద్ద భాగం ఉంటుంది. పెప్టైడ్ ఒక చివర ముందు దానికి తగులుకుంటుంది, రెండో చివర తరవాత సర్పిలాల మధ్యకు దిగుతుంది. గ్లుటమేట్ తరగతివి జంటలుగా పనిచేస్తాయి. ఫ్రిజిల్డ్ తరగతివి పిండం ఎదుగుదలలో కీలకం. ఇదే తరగతికి చెందిన స్మూతెన్డ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకొనే విస్మోడెగిబ్‌ను ఒక రకం చర్మ క్యాన్సర్‌కు 2012లో ఆమోదించారు.

కబురు లోపలికి చేరే తీరు

గ్రాహకం ఒక్కటే ఏ పనీ చేయలేదు. కణపొర లోపలి అంచున ఆల్ఫా, బీటా, గామా అనే మూడు భాగాల జీ ప్రోటీన్ ఉంటుంది. పని లేనప్పుడు ఆల్ఫా భాగం జీడీపీ అణువును పట్టుకొని కూర్చుంటుంది. బయట హార్మోను వచ్చి చేరగానే గ్రాహకంలోని ఆరో సర్పిలం లోపలి కొస పక్కకు జరుగుతుంది. అక్కడ ఏర్పడిన సందులోకి ఆల్ఫా భాగం తోక దూరుతుంది. జీడీపీ ఊడిపోతుంది, దాని చోటికి జీటీపీ వస్తుంది. అప్పుడు ఆల్ఫా భాగం మిగిలిన జంట నుంచి విడిపోతుంది, రెండు ముక్కలూ వేర్వేరు పనులకు బయలుదేరతాయి. కొంతసేపటికి ఆల్ఫా భాగం తన జీటీపీని తానే జీడీపీగా మార్చుకొని పాత స్థితికి వస్తుంది.

ఆల్ఫా భాగాల్లో నాలుగు వంశాలున్నాయి. జీఎస్ అనేది ఎడినలిల్ సైక్లేజ్ అనే ఎంజైమును రెచ్చగొట్టి సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది, జీఐ దాన్ని తగ్గిస్తుంది. జీక్యూ కణంలో దాగిన కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది. నాలుగోది కణం ఆకారానికీ కదలికకూ సంబంధించింది. గుండె వేగం పెరగడం, శ్వాసనాళాలు విచ్చుకోవడం, కాలేయం చక్కెరను రక్తంలోకి వదలడం, ఇవన్నీ సైక్లిక్ ఏఎంపీ హెచ్చుతగ్గుల ఫలితాలే. ఈ అణువు తయారయ్యేది ఏటీపీ నుంచి. ఏటీపీని 1929లో కండరాల నుంచి వేరుచేసిన వారిలో సైరస్ ఫిస్కేతో పాటు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు.

జీ ప్రోటీన్ తన పని ఆపకపోతే ఏమవుతుందో కలరా రోగిని చూస్తే తెలుస్తుంది. కలరా విషం పేగు కణాల్లోని జీఎస్ ఆల్ఫా భాగాన్ని మార్చేసి జీటీపీని జీడీపీగా మార్చుకోనివ్వదు. సైక్లిక్ ఏఎంపీ అంతకంతకూ పెరిగి, ఉప్పూ నీళ్లూ పేగులోకి కారిపోతాయి. కలరా క్రిమి వదిలే ఈ విషాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే ప్రయోగాలతో నిరూపించారు. తరవాత కాలంలో జీ ప్రోటీన్ గుట్టు విప్పడానికి ప్రయోగశాలల్లో ఈ విషమే పనిముట్టయింది.

కబురును ఆపడానికీ ఏర్పాటు ఉంది. మేల్కొన్న గ్రాహకం తోకకు కొన్ని కైనేజ్ ఎంజైములు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. ఆ గుర్తు చూసి అరెస్టిన్ అనే ప్రోటీన్ వచ్చి అతుక్కుంటుంది. జీ ప్రోటీన్‌కు దారి మూసుకుపోతుంది, గ్రాహకం తరచుగా కణం లోపలికి లాగేయబడుతుంది. ఒకే మందును పదేపదే వాడితే దాని పస తగ్గడానికి ఇది ఒక కారణం. అరెస్టిన్ పని ఆపడం ఒక్కటే అని తొలుత అనుకున్నారు. అది సొంతంగా కూడా సంకేతాలు నడుపుతుందని తరవాత తేలింది.

మందుల భాషలో గ్రాహకాన్ని మేల్కొలిపేది అగోనిస్టు, ఆ చోటును ఆక్రమించి ఊరకే కూర్చునేది యాంటగోనిస్టు. అసలు వ్యవహారం ఇంత సూటిగా ఉండదు. గ్రాహకం ఆన్, ఆఫ్ అనే రెండు స్థితుల స్విచ్చి కాదు, ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది. హార్మోను లేకపోయినా చాలా గ్రాహకాలు ఒకటో నంబరులో తిరుగుతూనే ఉంటాయి. కొన్ని మందులు ఐదుకు తీసుకెళ్తాయి, కొన్ని మూడు దాటనివ్వవు, కొన్ని ఉన్న ఆ ఒకటిని కూడా సున్నాకు దించుతాయి. యాంటగోనిస్టులుగా అమ్ముడయ్యే మందుల్లో చాలా వాటిది ఈ చివరి రకమే. సెట్రిజిన్ కూడా అందులోనిదే.

ఊహ నుంచి ప్రోటీన్ దాకా

1878లో కేంబ్రిడ్జిలో జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ పిల్లి లాలాజల గ్రంథుల మీద పైలోకార్పిన్, అట్రోపిన్‌లను ప్రయోగించి చూశాడు. ఒకటి లాలాజలాన్ని పెంచుతుంది, రెండోది ఆపుతుంది. రెండూ ఒకే పదార్థం కోసం పోటీ పడుతున్నట్టు అతనికి తోచింది. 1905లో కండరాల మీద నికోటిన్, కురారేలతో చేసిన ప్రయోగాల తరవాత ఆ పదార్థాన్ని గ్రహణశక్తి గల పదార్థం అని పిలిచాడు. ఇలాంటి ఊహే జర్మనీలో పాల్ ఏర్లిక్‌కూ వచ్చింది. కాని ఎవరూ దాన్ని కంటితో చూడలేదు. గ్రాహకం అనేది లెక్క తేల్చడానికి పనికొచ్చే ఊహే తప్ప వస్తువు కాదని నమ్మిన పెద్దలు 1970ల దాకా ఉన్నారు.

1948లో అమెరికాలోని జార్జియాలో రేమండ్ ఆల్‌క్విస్ట్ ఎడ్రినలిన్‌కు ఆల్ఫా, బీటా అని రెండు రకాల గ్రాహకాలుండాలని ప్రతిపాదించాడు. ఆరు పదార్థాలను వేర్వేరు అవయవాల మీద పరీక్షించి, వాటి బలాబలాల వరస రెండు విధాలుగా ఉండటం గమనించి చేసిన వాదన అది. ఫార్మకాలజీ పత్రిక ఒకటి దాన్ని తిప్పి పంపింది, తరవాత ఒక ఫిజియాలజీ పత్రికలో అచ్చయింది. చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నవాడు జేమ్స్ బ్లాక్. స్కాట్లండ్ మనిషి. గుండె నొప్పికి అప్పట్లో మందులంటే రక్తనాళాలను విప్పి ఆక్సిజన్ సరఫరా పెంచేవే. బ్లాక్ ప్రశ్నను తిప్పి వేశాడు. సరఫరా పెంచే బదులు గుండె అడిగే ఆక్సిజన్‌నే తగ్గిస్తే? అందుకు గుండెలోని బీటా గ్రాహకానికి ఎడ్రినలిన్ అందకుండా చేయాలి. ఐసీఐ కంపెనీలో ఎడ్రినలిన్ జాతి అణువునే కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోయాడు. మొదట వచ్చిన ప్రొనెథలాల్ ఎలుకల్లో కంతులు పుట్టించింది. దాని తరవాతది ప్రొప్రనొలాల్. 1960ల నడుమ మార్కెట్లోకి వచ్చి గుండె వైద్యాన్నే మార్చేసింది. అక్కడితో ఆగక బ్లాక్ ఇంకో కంపెనీకి మారి, ఇదే పద్ధతిని హిస్టమిన్ మీద ప్రయోగించాడు. కడుపులో ఆమ్లాన్ని ఊరించే హిస్టమిన్ గ్రాహకం తుమ్ములు పుట్టించే గ్రాహకం కాదని చూపించి, దాన్ని అడ్డుకొనే అణువు కోసం స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ బృందంతో ఏళ్ల తరబడి వెతికాడు. మెటియమైడ్ పనిచేసింది గాని కొందరిలో తెల్ల రక్తకణాలను దెబ్బతీసింది. దాన్ని సరిదిద్దిన సైమెటిడిన్ 1976లో బ్రిటన్‌లో విడుదలైంది. అప్పటి దాకా కత్తిపెట్టాల్సి వచ్చిన కడుపు పుండ్లకు మాత్రలు చాలాయి. 1988 నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో బ్లాక్ ఒకరు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. బ్లాక్ ఈ రెండు మందులనూ తయారుచేసినప్పుడు బీటా గ్రాహకం ఏ పదార్థమో, హిస్టమిన్ గ్రాహకం ఎలా ఉంటుందో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఆయనకు ఉన్నదల్లా శరీరంలో సహజంగా పనిచేసే అణువు ఏమిటో తెలియడం, దాని మీద ఏ చిన్న మార్పు ఏం చేస్తుందో ఓపిగ్గా కొలిచే అలవాటు. ఇప్పటి కంప్యూటరు పద్ధతులతో ఈ మాత్రం ఫలితం సాధించిన వారు అరుదు.

కణం లోపలి నుంచి కూడా ఇదే కథ మొదలైంది. ఎర్ల్ సదర్లండ్ 1950ల్లో సైక్లిక్ ఏఎంపీని కనుగొని 1971లో నోబెల్ అందుకున్నాడు. గ్రాహకానికీ ఎంజైముకూ నడుమ ఇంకో మధ్యవర్తి ఉండాలని, దానికి జీటీపీ కావాలని మార్టిన్ రాడ్‌బెల్ చూపించాడు. ఆల్‌ఫ్రెడ్ గిల్‌మన్ ఆ జీ ప్రోటీన్‌ను వేరుచేశాడు. ఇద్దరికీ 1994లో నోబెల్ వచ్చింది. గ్రాహకాన్నే పట్టుకునే పని డ్యూక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లెఫ్కోవిట్జ్ తలకెత్తుకున్నాడు. రేడియోధార్మిక అణువులతో గ్రాహకాలకు గుర్తు వేసి, కణపొరల నుంచి వాటిని శుద్ధి చేయడానికే పదిహేనేళ్ల దాకా పట్టింది. 1986లో ఆయన బృందం, మెర్క్ కంపెనీ శాస్త్రవేత్తలు కలిసి చిట్టెలుక జాతికి చెందిన హ్యామ్‌స్టర్ బీటా-2 గ్రాహక జన్యువును చదివారు. అందులో అందరినీ నివ్వెరపరిచిన సంగతి ఒకటుంది: ఆ ప్రోటీన్ కంటిలోని రొడాప్సిన్‌కు చుట్టం. ఎడ్రినలిన్‌నూ వెలుతురునూ గుర్తించేవి ఒకే మూసలోంచి వచ్చాయంటే మిగతావీ అంతేనన్నమాట. ఆ తరవాత కొత్త గ్రాహకాలు వరసగా దొరికాయి. 1991లో లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ వాసన గ్రాహకాల భారీ కుటుంబాన్ని బయటపెట్టారు. దానికి 2004 నోబెల్.

ఆకృతి వేట

జన్యువు చదవడం వేరు, ప్రోటీన్ ఆకృతిని చూడటం వేరు. ఎక్స్‌రేలతో చూడాలంటే ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చాలి. జీపీసీఆర్‌లు కణపొరలోని కొవ్వులో మునిగి ఉండేవి, బయటికి తీస్తే చెడిపోతాయి. పైగా అవి ఒక రూపంలో నిలవవు, కదులుతూ ఉంటాయి. ఆవు కన్నులో రొడాప్సిన్ సమృద్ధిగా దొరుకుతుంది, చీకట్లో కదలక ఉంటుంది కనుక 2000లో క్రిస్టాఫ్ పాల్చెవ్‌స్కీ బృందం దాని ఆకృతిని మొదట సాధించింది. హార్మోన్ గ్రాహకం కోసం ఇంకో ఏడేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఆ పని చేసినవాడు లెఫ్కోవిట్జ్ దగ్గర శిష్యరికం చేసి స్టాన్‌ఫర్డ్ చేరిన బ్రయాన్ కొబిల్కా. లోపలి మూడో వంపు నిలకడ లేకుండా ఊగుతుంటుందని, దాన్ని తీసేసి ఆ చోట చక్కగా స్ఫటికమయ్యే లైసొజైమ్ అనే ప్రోటీన్‌ను అతికించారు. రేమండ్ స్టీవెన్స్ బృందంతో కలిసి 2007లో 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో బీటా-2 గ్రాహకం బొమ్మ సంపాదించారు. బ్రిటన్‌లో క్రిస్ టేట్, రిచర్డ్ హెండర్సన్‌లు ఇంకో దారి పట్టారు. ప్రోటీన్‌లో అక్కడక్కడ అమైనో ఆమ్లాలను మార్చి వేడికి తట్టుకొనేట్టు చేసి, 2008లో టర్కీ కోడి బీటా-1 గ్రాహకాన్ని చూపించారు. ఇవన్నీ నిద్రావస్థ బొమ్మలే. గ్రాహకం మేల్కొని జీ ప్రోటీన్‌ను పట్టుకున్న క్షణాన్ని కొబిల్కా బృందం 2011లో అందుకుంది. ఆ జంటను కదలకుండా నిలిపింది బెల్జియంలో యాన్ స్టేయార్ట్ ప్రయోగశాల ఇచ్చిన చిన్న యాంటీబాడీ ముక్క. లామా అనే జంతువుకు ఆ ప్రోటీన్‌ను ఎక్కించి రాబట్టింది అది. మరుసటి ఏడే లెఫ్కోవిట్జ్, కొబిల్కాలకు రసాయనశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు.

ఆ తరవాత స్ఫటికాల బాధే తగ్గిపోయింది. నమూనాను క్షణంలో గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసే క్రయో పద్ధతి 2017 నుంచి జీపీసీఆర్‌ల మీద పట్టు సాధించింది. ఆ ఏడాదే కాల్సిటోనిన్ గ్రాహకం, జీఎల్‌పీ-1 గ్రాహకం జీ ప్రోటీన్‌తో సహా కనిపించాయి. ఒక్కో బొమ్మకు ఒక్కో జీవితకాలం పట్టిన రంగంలో ఇప్పుడు వందల ఆకృతులున్నాయి. ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటరు ప్రోగ్రాము మిగతావాటిని ఊహించి గీసి ఇస్తోంది. అది గీసేది ఎక్కువగా ఒక్క భంగిమనే, మందుకు కావలసింది భంగిమల మార్పు.

బొమ్మ దొరికాక ఏమైంది

కుటుంబంలో అన్నిటికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నది మ్యూ ఓపియాయిడ్ గ్రాహకం మీద. మార్ఫిన్ నొప్పిని తగ్గిస్తుంది, మోతాదు మించితే ఊపిరినీ ఆపుతుంది. 1999లో లారా బోన్, లెఫ్కోవిట్జ్ తదితరులు బీటా అరెస్టిన్-2 లేని ఎలుకల్లో మార్ఫిన్ నొప్పి నివారణ మరింత బలంగా, ఎక్కువసేపు ఉంటుందని చూపారు. 2005లో అలాంటి ఎలుకల్లో ఊపిరి మందగింపు, మలబద్ధకం తక్కువని ఇంకో పరిశోధన చెప్పింది. దాంతో ఆకర్షణీయమైన ఒక సిద్ధాంతం పుట్టింది: జీ ప్రోటీన్ దారి మేలు చేస్తుంది, అరెస్టిన్ దారి కీడు చేస్తుంది. కాబట్టి ఒకే గ్రాహకాన్ని మొదటి దారి వైపు మాత్రమే మొగ్గేట్టు చేసే అణువు దొరికితే సురక్షితమైన మార్ఫిన్ దొరికినట్టే. ఇలాంటి మొగ్గును ఈ రంగంలో పక్షపాత సంకేతం అంటారు.

2016లో ముప్పై లక్షలకు పైగా అణువులను కంప్యూటరులో మ్యూ గ్రాహకం గుంటలో కూర్చోబెట్టి చూసి, అందులోంచి వచ్చిన ఆధారంతో పీజెడ్ఎం21 అనే అణువును తయారు చేశారు. ఊపిరికి హాని చేయని నొప్పి మందు అన్నారు. రెండేళ్లకే మరో ప్రయోగశాల అది ఎలుకల్లో మార్ఫిన్ లాగే ఊపిరిని మందగింపజేస్తుందని తేల్చింది. అరెస్టిన్ లేని ఎలుకల ప్రయోగాన్ని మూడు ప్రయోగశాలలు మళ్లీ చేసి చూస్తే, మార్ఫిన్ వాటి ఊపిరినీ మామూలుగానే తగ్గించింది. ఈ సిద్ధాంతం మీద పుట్టిన ఒలిసెరిడిన్‌ను ఎఫ్‌డీఏ సలహా సంఘం 2018లో తిరస్కరించింది. 2020 ఆగస్టులో అది ఆసుపత్రుల్లో నరం ద్వారా ఇచ్చే మందుగా ఆమోదం పొందింది గాని, ఇతర ఓపియాయిడ్లకు పెట్టే తీవ్ర హెచ్చరికే దాని మీదా ఉంది. ఈ అణువుల్లో కొన్ని కాస్త మెరుగ్గా కనిపించడానికి కారణం పక్షపాతం కాదు, గ్రాహకాన్ని అరకొరగా మేల్కొలపడమే అనే వివరణ ఇప్పుడు బలపడుతోంది. అదే నిజమైతే పాత ఫార్మకాలజీ పాఠమే మళ్లీ చదువుకున్నట్టు.

గ్రాహకం ముందు, మందు తరవాత

వరస తిరగబడి నెగ్గిన కథలూ ఉన్నాయి. 1990ల్లో జన్యువు తెలిసినా హార్మోను ఏదో తెలియని గ్రాహకాలు కుప్పలుగా దొరికాయి. వీటిని అనాథ గ్రాహకాలన్నారు. అలాంటి ఒకదానికి తగిన పెప్టైడ్ కోసం వెతుకుతూ 1998లో మసాషి యనగిసావా బృందం ఒరెక్సిన్‌లను కనుగొంది. ఆకలికి సంబంధించినవని పేరు అలా పెట్టారు. మరుసటి ఏడు నార్కొలెప్సీ, అంటే ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయే జబ్బు ఉన్న డాబర్‌మన్ కుక్కల్లో ఒరెక్సిన్ గ్రాహకం ఒకటి చెడిపోయి ఉందని స్టాన్‌ఫర్డ్‌లో ఎమాన్యుయేల్ మిన్యో బృందం చూపింది. మెలకువను నిలిపేది ఒరెక్సిన్ అయితే, దాన్ని అడ్డుకుంటే నిద్ర రావాలి. వచ్చింది కూడా. సువొరెక్సాంట్ 2014లో నిద్రమాత్రగా ఆమోదం పొందింది. మెదడునంతటినీ మత్తెక్కించే పాత నిద్రమాత్రలకు ఇది వేరే దారి.

సీసీఆర్5 కథ మరీ సూటి. 1996లో హెచ్ఐవీ కణంలోకి దూరడానికి ఈ గ్రాహకాన్ని వాడుకుంటుందని తేలింది. పుట్టుకతోనే ఆ జన్యువు రెండు ప్రతులూ చెడిపోయినవారు ఆరోగ్యంగానే ఉన్నారు, వైరస్ మాత్రం వారికి సులభంగా అంటదు. అంటే ప్రకృతే క్లినికల్ ట్రయల్ చేసి పెట్టింది. 2007లో మరావిరాక్ వచ్చింది. అది వైరస్ అతుక్కొనే చోట కాకుండా సర్పిలాల నడుమ కూర్చొని గ్రాహకం రూపాన్నే మార్చి పనిచేస్తుంది. పారాథైరాయిడ్ గ్రంథి మీద పనిచేసే సినకాల్సెట్ కూడా ఇలా పక్క చోటు నుంచి ప్రభావం చూపేదే. కాల్షియం గ్రాహకాన్ని అది కాల్షియానికి మరింత చురుగ్గా స్పందించేట్టు చేస్తుంది.

దెబ్బతిన్న చోట్లు

గ్రాహకం సరైనదే అయినా అది శరీరంలో ఇంకెక్కడెక్కడ ఉందో, మందు దాని చుట్టాలను కూడా తాకుతుందేమో చూడకపోతే ఏమవుతుందో ఊబకాయం మందులు నేర్పాయి. ఫెన్‌ఫ్లురమిన్ ఆకలి తగ్గించింది, గుండె కవాటాలను మందం చేసింది. 1997లో ఉపసంహరించారు. తప్పు సెరటోనిన్ 2బీ గ్రాహకానిదని తరవాత తేలింది. ఈ ఒక్క గ్రాహకాన్ని మేల్కొలిపే గుణం ఉందేమో చూడటం ఇప్పుడు కొత్త మందులకు మామూలు పరీక్ష. రిమొనబాంట్ గంజాయి పదార్థం పనిచేసే సీబీ1 గ్రాహకాన్ని అణచేది. 2006లో ఐరోపాలో వచ్చింది. దిగులు, ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతున్నాయని 2008లో ఆపేశారు. ఆకలిని పెంచే గ్రాహకమే మనసు తేలికపడటానికీ కావాలన్న సంగతి గంజాయి తాగేవాళ్లకు ముందే తెలుసు.

జీఎల్‌పీ-1

ప్రస్తుతం ప్రపంచ మందుల మార్కెట్‌ను ఊపేస్తున్న గ్రాహకం జీఎల్‌పీ-1ది. భోజనం చేయగానే పేగు వదిలే ఈ హార్మోను ఇన్సులిన్‌ను పెంచుతుంది, ఆకలిని తగ్గిస్తుంది. చిక్కల్లా రక్తంలో అందులో సగం రెండు నిమిషాల్లోనే విరిగిపోవడం. అమెరికా ఎడారుల్లో ఉండే గిలా రాకాసి బల్లి విషంలో జాన్ ఎంగ్ కనుగొన్న ఎక్సెండిన్-4 ఇదే గ్రాహకాన్ని మేల్కొలుపుతుంది, త్వరగా విరిగిపోదు. దాని నుంచి వచ్చిన ఎక్సెనటైడ్ 2005లో మధుమేహానికి ఆమోదం పొందింది. నోవో నార్డిస్క్‌లో లోటె క్నుడ్సెన్ బృందం మానవ హార్మోనుకే కొవ్వు ఆమ్లపు తోక తగిలించి రక్తంలోని ఆల్బుమిన్‌కు అంటిపెట్టుకొనేట్టు చేసింది. ముందు రోజుకోసారి వేసే లిరగ్లుటైడ్, తరవాత 2017లో వారానికోసారి వేసే సెమాగ్లుటైడ్. లిల్లీ కంపెనీ 2022లో తెచ్చిన టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ గ్రాహకాన్నీ మేల్కొలుపుతుంది.

ఈ విజయాలకు గ్రాహకం ఆకృతి బొమ్మ కారణం కాదు. 2017లో ఆ బొమ్మ బయటపడేనాటికి మధుమేహానికి జరిపిన సెమాగ్లుటైడ్ ట్రయల్స్ ముగిసిపోయాయి. బొమ్మ ఉపయోగపడుతున్నది నోటి మాత్రగా ఇవ్వగల చిన్న అణువుల వేటలో. అదీ సులువుగా లేదు. ఫైజర్ తన డానుగ్లిప్రాన్‌ను 2025లో కాలేయ సమస్య ఎదురై వదిలేసింది. మనకు దగ్గరి సంగతి పేటెంటుది. భారత్‌లో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు 2026 మార్చిలో ముగియడాన్ని దృష్టిలో పెట్టుకొని జనరిక్ తయారీకి సిద్ధపడిన కంపెనీలలో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ ఒకటి.

హైదరాబాద్, కాన్పూర్

ఈ రంగంలో హైదరాబాద్ పాత్ర మందుల తయారీకే పరిమితం కాదు. అక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థలో అమితాభ చటోపాధ్యాయ బృందం దశాబ్దాల పాటు సెరటోనిన్ 1ఏ గ్రాహకం చుట్టూ ఉండే కొవ్వును పరిశోధించింది. పశువుల మెదడులోని హిప్పోక్యాంపస్ పొరల నుంచి కొలెస్టరాల్‌ను తీసేస్తే ఆ గ్రాహకం తన అణువును పట్టుకోలేకపోయింది. తిరిగి చేరిస్తే చాలావరకు కోలుకుంది. గ్రాహకాన్ని ఒంటరిగా చూసే అలవాటుకు ఇది ఘాటైన జవాబు. కణపొర మారితే అదే మందు వేరుగా పనిచేయవచ్చు. కొబిల్కా, స్టీవెన్స్‌ల స్ఫటికాల్లో కొలెస్టరాల్ అణువులు గ్రాహకాన్ని అంటిపెట్టుకొని కనిపించినప్పుడు ఈ పనికి కొత్త ప్రాధాన్యం వచ్చింది. లెఫ్కోవిట్జ్ దగ్గర పనిచేసినప్పుడు అరెస్టిన్ ఆకృతి మీద కీలకమైన పరిశోధన చేసిన అరుణ్ శుక్లా ఐఐటీ కాన్పూర్‌లో ప్రయోగశాల పెట్టి, అరెస్టిన్ గ్రాహకాన్ని పట్టుకొనే తీరును వరసగా వెలికితీస్తున్నారు.

స్కిజోఫ్రెనియాలో రెండు ఫలితాలు

1950ల నుంచి స్కిజోఫ్రెనియా మందులన్నీ ఏదో ఒక మేర డోపమిన్ గ్రాహకం మీద ఆధారపడ్డాయి. 1990ల్లో లిల్లీ కంపెనీ అల్జైమర్ కోసం తయారుచేసిన జెనోమెలిన్ మస్కరినిక్ గ్రాహకాలను, ముఖ్యంగా ఒకటో రకాన్నీ నాలుగో రకాన్నీ, మేల్కొలిపేది. రోగుల్లో భ్రమలు తగ్గాయి గాని వాంతులు, విరేచనాలు భరించలేక మందు మూలన పడింది. దాన్ని మళ్లీ తీసినవాళ్లు అణువును మార్చలేదు. మెదడులోకి దూరని పాత మూత్రాశయ మందు ట్రాస్పియంను దానికి జోడించారు. శరీరంలో అది మస్కరినిక్ గ్రాహకాలను మూసేస్తుంది, మెదడులో జెనోమెలిన్ తన పని చేసుకుంటుంది. 2024 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ ఈ జంటను ఆమోదించింది.

అదే సమయంలో ఎమ్రాక్లిడిన్ అనే మరో అణువు మీద పెద్ద ఆశలుండేవి. అది ఆధునిక పద్ధతుల బిడ్డ. నాలుగో రకం గ్రాహకం మీదే, అదీ పక్క చోటు నుంచి, కచ్చితంగా పనిచేసేట్టు మలిచింది. దాన్ని అభివృద్ధి చేస్తున్న సెరెవెల్ కంపెనీని ఆబ్‌వీ 870 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2024 నవంబరులో రెండు రెండోదశ ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. రెండింటిలోనూ మందుకూ ఉత్తి మాత్రకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఉత్తి మాత్ర తీసుకున్నవారిలో కూడా గణనీయంగా మెరుగుదల కనిపించింది కనుక, లోపం అణువుదా, నాలుగో రకం గ్రాహకం ఒక్కటే చాలదా, ట్రయల్ జరిపిన తీరుదా అన్నది ఆ రెండు ట్రయల్స్‌తో తేలలేదు.